మా తాతగారి ఫిడేలు - ఫ్రెంచి మాటలు

మా ఇంట్లో అటక మీద ఒక ఫిడేలు ఉండేది. అది మా తాతగారిది. ఆయన యానాంలోను, చుట్టుపక్కల గోదావరి ఊళ్ళలోను హరికథలకు పక్కవాద్యం వాయించేవారట. నేను పుట్టేనాటికే ఆయన లేరు. వేసవి సెలవుల్లో పిల్లలం ఆ పెట్టెను దొంగతనంగా దింపి, ఫిడేలును చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాళ్ళం. లోపల ఏదో గలగలమనేది. మా మామ్మ చూసిందంటే గసిరేది. "ఒరే, దాని ప్రాణం మీ తాతతోనే పోయిందిరా. దాన్నలా వదిలెయ్యండి" అనేది.

ఆ గలగల ఏమిటో నాకు యాభై ఏళ్ళు దాటాక తెలిసింది. తెలిపింది ఒక ఫ్రెంచి మాట.

నేను బి.కామ్. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. సంగీతం గాని, భాషాశాస్త్రం గాని నా సరుకు కాదు. ఈ వ్యాసంలో ఉన్నదంతా సాయంకాలం తరగతిలో నేర్చుకున్నదీ, ఆ తర్వాత కుతూహలం కొద్దీ పుస్తకాల్లో వెదుక్కున్నదీ.

యానాం చరిత్ర ఈ పత్రిక చదువరులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1723లో ఫ్రెంచివారు అక్కడ అడుగుపెట్టారు. నాలుగేళ్ళకు వదిలేసి, 1731లో మళ్ళీ వచ్చారు. మధ్యలో ఇంగ్లీషువాళ్ళు లాక్కున్న రోజులున్నా, మొత్తం మీద 1954 దాకా అది ఫ్రెంచి గడ్డే. ఆ ఏడు జూన్‌లో విమోచన, నవంబరు 1న పరిపాలన బదిలీ జరిగాయి. చట్టరీత్యా విలీనం మాత్రం 1962 ఆగస్టులో. అయితే మా తాతగారి ఫిడేలుకు ఫ్రెంచి పాలనతో ఉన్న సంబంధం మరో రకం. 1930 ఏప్రిల్‌లో శారదా చట్టం అమలులోకి వచ్చింది. బ్రిటిషు ఇండియాలో పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేస్తే నేరం. యానాంలో ఆ చట్టం లేదు. అందుకని చుట్టుపక్కల జిల్లాల నుంచి పెళ్ళివారు గోదావరి దాటి దిగేవారు. ఊరికి కల్యాణపురం అని పేరే పడింది. ముహూర్తాల రోజుల్లో తాతగారికి అన్నం తినే తీరిక ఉండేది కాదని మామ్మ చెప్పేది. మా పెంకుటింటి దూలాలు ఆ సంపాదనతో వచ్చినవే. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, పసిపిల్లల పెళ్ళిళ్ళ రాబడి అది. కాని లెక్క రాయడానికి కూర్చున్నాక జమ దాచడం నాకు చేతకాదు.

2018లో నాకు పుదుచ్చేరికి బదిలీ అయింది. ఫ్రెంచి ఏలిన ఊళ్ళో పుట్టి ఫ్రెంచి ముక్క రాదంటే తోటి ఉద్యోగులు నవ్వేవారు. రోషానికి పోయి సాయంకాలం తరగతిలో చేరాను. మా పంతులమ్మగారు తరతరాలుగా పుదుచ్చేరిలో ఉన్న తమిళావిడ. తరగతిలో నా తర్వాతి పెద్దవాడికి ఇరవై నాలుగేళ్ళు. నాలుగో నెలలో సంగీత వాద్యాల పాఠం వచ్చింది. ఆవిడ బల్ల మీద వరసగా పేర్లు రాసి, ఒక్కొక్కరు ఒక్కో వాద్యం గురించి వచ్చేవారం అయిదు నిమిషాలు మాట్లాడాలన్నారు. నేను ఫిడేలు ఎంచుకున్నాను. ఫ్రెంచిలో దాన్ని వ్యొలోఁ అంటారు.

ఇక్కడొక మాట. ఫ్రెంచిలో ముక్కుతో పలికే అచ్చులు నాలుగు దాకా ఉన్నాయి. వాటిని పుస్తకంలో ఎలా రాసుకోవాలో తెలియక కుర్రాళ్ళు తంటాలు పడుతుంటే, నేను మన అరసున్నాతో హాయిగా రాసుకున్నాను. చిన్నప్పుడు తెలుగు మాస్టారు అరసున్నా వదిలేసినందుకు నా చెవి మెలిపెట్టినప్పుడు, దానివల్ల ఎప్పటికైనా ఉపయోగం ఉంటుందని అనుకోలేదు.

మొదటి రోజే తప్పు చేశాను. "మా తాతగారు ఫిడేలు వాయించేవారు" అని చెప్పబోయి, బంతాట ఆడేవారు అన్న పద్ధతిలో చెప్పాను. ఫ్రెంచిలో రెంటికీ క్రియ ఒకటే, జ్వే. ఆటకైతే దాని తర్వాత ఒక చిన్న మాట, వాద్యానికైతే మరో చిన్న మాట చేర్చాలి. అది తప్పితే మనిషి ఫిడేలుతో బంతాట ఆడినట్టే. అప్పుడనిపించింది, మన భాష ఈ విషయంలో ఎంత ధారాళమైనదో. మనం వీణ వాయిస్తాం, సన్నాయి ఊదుతాం, డప్పు కొడతాం, తంబుర మీటుతాం. చేతి పనిని బట్టి క్రియ మారుతుంది. పూర్వం ఫ్రెంచివారూ కొంత అలాగే అనేవారట. తంత్రుల పెట్టెలాంటి క్లావ్‌సాఁ అనే మెట్ల వాద్యాన్ని వాయించడమనరు, తాకడమంటారు. 1716లో కూప్రాఁ అనే గొప్ప విద్వాంసుడు ఆ వాద్యం నేర్పడానికి రాసిన పుస్తకం పేరులోనే ఆ తాకడం ఉంది.

ఇక లింగాల బాధ. ఫిడేలు పుంలింగం, వేణువు స్త్రీలింగం, బాకా స్త్రీలింగం. చర్చిలో వాయించే ఓర్గ్ ఉంది చూశారూ, అది ఏకవచనంలో పుంలింగం, బహువచనంలో స్త్రీలింగం. ఒకే ఖాతా పొద్దున అప్పు, సాయంత్రం జమ అయినట్టు. కారణం అడిగితే పంతులమ్మగారు నవ్వి ఊరుకున్నారు.

నేను మాట్లాడవలసిన వారం దగ్గరపడింది. ఫిడేలు భాగాల పేర్ల పటం తెచ్చుకుని కూర్చున్నాను. తీగలను ఎత్తి పట్టుకునే చిన్న చెక్కను షవలె అంటారు. షవాల్ అంటే గుర్రం. షవలె అంటే పిల్లగుర్రం. నేను పటం కింద పెట్టేశాను. మా వైపు వీణకైనా ఫిడేలుకైనా ఆ చెక్కను గుర్రమనే అంటారు. పక్క బల్ల కుర్రాణ్ణి అడిగితే తమిళంలో కుదిరై అన్నాడు, అంటే గుర్రమే. కన్నడంలో కుదురె అంటారని బెంగుళూరులో పనిచేసినప్పుడు విన్నాను. మరాఠీవారు తమ తంబోరాకు ఘోడీ అంటారు. ఈ పత్రిక చదివే ఇళ్ళలో ఏ భాష చుట్టూ ఉన్నా, తీగల కింద గుర్రం ఒకటి నిలబడి ఉందన్నమాట. వీళ్ళలో ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారని అడగవద్దు. కాళ్ళ మీద నిలబడి వీపు మీద బరువు మోసేదాన్ని చూస్తే, ఎవరికైనా గుర్రమే తడుతుంది కాబోలు.

అదే షవాల్ నుంచి షవాల్యే వచ్చింది. మొదట్లో గుర్రపు రౌతు, తర్వాత ఒక బిరుదు. మా యానాంకు ఎంతో దూరంలో లేని కోనసీమ శంకరగుప్తంలో 1930లో పుట్టి, చెన్నైలో స్థిరపడ్డ మంగళంపల్లి బాలమురళీకృష్ణగారికి 2005లో ఫ్రెంచి ప్రభుత్వం కళాసాహిత్య రంగంలో ఆ బిరుదు ఇచ్చింది. ఆయన పాటే కాక వయొలిన్, వయోలా కూడా వాయించినవారు. గుర్రం మీద తీగలు ఎక్కించినవారికి ఆ గుర్రపు బిరుదు తగినదే.

ఆ తర్వాత పటం నన్ను వదల్లేదు. తీగలు చుట్టే బిరడాలను షవీయ్ అంటారు. ఆ మాటకు చీలమండ అని కూడా అర్థం. బిరడా మాత్రం మనకూ కన్నడిగులకూ తమిళులకూ కొద్ది తేడాతో ఒక్కటే. చేత్తో పట్టుకునే మెడ భాగం మాఁష్, అంటే పిడి. ఫిడేలు పొట్ట మీద రెండు వైపులా పాములా వంకర తిరిగిన చీలికలుంటాయే, వాటిని వీ అంటారు. ఆ మాటకు వినికిడి అని ఒక అర్థం. బహువచనంలో చేప మొప్పలు అని మరో అర్థం. గోదావరి వాడికి ఇంతకంటె ఏం కావాలి! పులస కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూసినట్టే, ఫిడేలు కొనేవాడూ ఆ చీలికలోంచి లోపలికి చూస్తాడు. మా ఫిడేలు మొప్పల్లోంచి చూస్తే పసుపుపచ్చబడ్డ చీటీ కనిపించేది. దాని మీద లాటిన్ అక్షరాల్లో స్ట్రాడివేరియస్ అన్న పేరు. మా నాన్నగారికి ఆ పేరు మీద గొప్ప ఆశ ఉండేది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

కమానును ఆర్షె అంటారు, అంటే చిన్న విల్లు. మన కమాను పారసీ మాట, దానికీ విల్లనే అర్థం. ఇవాళ ప్రపంచమంతా వాడే కమాను రూపం ఫ్రెంచివాడు తీర్చినదే. 1747లో పుట్టి 1835లో పోయిన ఫ్రాన్స్వా తూర్త్ మొదట గడియారాల పని నేర్చుకున్నవాడు. బ్రెజిల్ నుంచి వచ్చే పెర్నంబుకో కర్రను వేడిచేసి లోపలికి వంచి, ఈ తీరు స్థిరపరిచాడు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు బెంగుళూరులో పుట్టి విజయనగరంలో ఫిడేలు వాయించినా, ఊళ్ళో హరికథ పక్కన మా తాతగారు వాయించినా, చేతిలో ఉన్న విల్లు వంపు తూర్త్‌దే. అంతమాత్రాన ఫిడేలు మనకు ఫ్రెంచివాళ్ళ వల్ల వచ్చిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి మద్రాసు కోటలో ఇంగ్లీషువారి బ్యాండు విని, ఒక యూరోపియను దగ్గర నేర్చుకుని, మన రాగాలను దాని మీద పలికించాడు. తర్వాత తెలుగు మూలాలున్న ప్రభువులు ఏలిన ఎట్టయపురం ఆస్థానంలో చేరాడు. ఫిడేలు అన్న మన మాట కూడా ఇంగ్లీషు నుంచి వచ్చినదే.

తీగను కోర్ద్ అంటారు, అంటే తాడు. ఫ్రెంచి ఓడల మీదా నాటకశాలల్లోనూ తాడు అన్న మాట అనకూడదు, అపశకునం. మనవాళ్ళు రాత్రిపూట పాము అనక పురుగు అన్నట్టు, వాళ్ళూ వేరే మాటలతో సరిపెట్టుకుంటారు. ఫిడేలు తీగ దగ్గర మాత్రం ఆ భయం లేదు.

ఒకచోట మోసపోయాను కూడా. తాఁబూర్ అన్న మాట చూడగానే మన తంబుర అనుకున్నాను. కాదు, అది ఢోలు. పాత ఫ్రెంచిలో ఢోలుకు తాబూర్ అన్న రూపం ఉండేది. పొడవు మెడ తంత్రీవాద్యాన్ని అరబ్బులు తంబూర్ అంటారు. ఆ పేరు సోకి ఫ్రెంచి మాటకు మధ్యలో నిండుసున్నా వచ్చి చేరిందట. మన తంబురకూ ఆ పేరే మూలం. ఒకే పేరు అక్కడ చర్మవాద్యంలో దూరింది, ఇక్కడ తీగల మీద నిలిచింది. ఓబ్వా సంగతి వేరు. అది మన సన్నాయి లాంటి జంటరెల్లు వాద్యం. ఓ అంటే ఎత్తైన, బ్వా అంటే కర్ర. ఇక్కడ ఎత్తు గొంతుకు సంబంధించినది. ఇంటి బయట మోగే పెద్ద గొంతు వాద్యాలు, ఇంటి లోపలి మెత్తని వాద్యాలు అని పూర్వం వారు రెండుగా విడదీసేవారు. పెళ్ళి ఊరేగింపు ముందు సన్నాయి ఎందుకుంటుందో తెలిసినవారికి ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు.

హార్మోనియం గురించి ఒక్క ముక్క. పద్యనాటకం చూసిన తెలుగువాడికి ఆ పెట్టె మనదే అనిపిస్తుంది. ఆ పేరుతో దాన్ని 1842లో పారిస్‌లో పేటెంటు చేసుకున్నవాడు అలెగ్జాఁద్ర్ దబాఁ. కాలితో తొక్కే ఆ పెట్టెను కింద కూర్చుని చేత్తో ఊదేలా కలకత్తాలో మార్చారు. అక్కడి నుంచి మన రంగస్థలం మీదికి వచ్చింది.

ఇంతకంటె నాకు విలువైన సంగతి మరొకటి దొరికింది. పంతులమ్మగారు బల్ల మీద వాద్యాలను మూడు వరసలుగా రాశారు. తీగలవి, గాలివి, కొట్టేవి. నేను లేచి, "మేడమ్, మృదంగం కొట్టేది, తాళాలూ కొట్టేవే. ఒకటి తోలు, ఒకటి కంచు. రెండూ ఒక వరసలో ఎలా ఉంటాయి?" అని అడిగాను. మన భరతుడి నాట్యశాస్త్రంలో తతం, సుషిరం, అవనద్ధం, ఘనం అని నాలుగున్నాయి కదా అని నా ఉద్దేశం. ఆవిడ తెలియదన్నారు. నేనే వెదుక్కున్నాను. బ్రస్సెల్స్ సంగీత విద్యాలయం వాద్యాల ప్రదర్శనశాల 1877లో ఏర్పడింది. దానికి రెండు పునాదులు. ఒకటి ఫెతీస్ అనే సంగీత చరిత్రకారుడి సేకరణ. రెండవది 1876లో కలకత్తా నుంచి రాజా శౌరీంద్రమోహన ఠాగూరు బెల్జియం రాజుకు పంపిన వందకు దగ్గర భారతీయ వాద్యాలు. ఆ శాల అధికారి మహియోఁ 1880లో అచ్చువేసిన ఫ్రెంచి జాబితాలో వాద్యాలను నాలుగుగా విడదీశాడు. తమంతట తాము మోగేవి, చర్మంతో మోగేవి, గాలితో మోగేవి, తీగలతో మోగేవి. మన ఘన, అవనద్ధ, సుషిర, తతాలే. 1914లో జర్మనీ పండితులు హార్న్‌బోస్టెల్, సాక్స్ దాన్నే పెంచి స్థిరపరిచారు. ఇవాళ ప్రదర్శనశాలల్లో ఎక్కువగా నడుస్తున్నది ఆ పద్ధతే. మన నాలుగు మాటలు ఫ్రెంచి వేషం వేసుకుని లోకం చుట్టి వచ్చాయి.

అయితే ఈ ఉత్సాహంలో జారిపడే గుంట కూడా పక్కనే ఉంది. ఆ ఫెతీస్ 1856లో స్ట్రాడివేరి మీద రాసిన పుస్తకంలో, కమానుతో వాయించే వాద్యాలకు పుట్టినిల్లు భారతదేశమేనని, రావణాసురుడి పేరున్న వాద్యమే ఫిడేలుకు ముత్తాత అని వాదించాడు. ఆ వాద్యం పేరు ఫ్రెంచి యాత్రికుడు సొన్నెరా 1782లో అచ్చయిన గ్రంథంలో అప్పటికే ఎక్కించాడు. ఇప్పటికీ మన సభల్లో ఎవరో ఒకరు ఈ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. నేనూ తరగతిలో చెబుదామనుకున్నాను. తర్వాతి పరిశోధన చూస్తే, కమాను వాడకానికి గట్టి ఆధారాలు పదో శతాబ్దం ప్రాంతంలో మధ్య ఆసియా వైపు దొరుకుతున్నాయి. ఆధారం లేని ఆస్తి మీద అప్పు ఇవ్వకూడదని బ్యాంకులో నేర్చుకున్నాను. ఆ వాక్యం కొట్టేశాను.

ఉన్న ఆస్తి వేరే ఉంది. క్లోది మార్సెల్-ద్యుబ్వా అనే ఫ్రెంచి విదుషి 1941లో ప్రాచీన భారత వాద్యాల మీద పుస్తకం రాసింది. అమరావతి శిల్పాల్లో స్త్రీలు ఒడిలో పెట్టుకుని వాయించే విల్లు ఆకారపు వాద్యాన్ని ఆవిడ హార్ప్ అన్నది. దాని పేరే ఆనాడు వీణ అని 1930లోనే ఆనందకుమారస్వామి చూపించారు. కుండ, దండి, మెట్లు, సొరకాయబుర్ర ఉన్న మన వీణ చాలా తర్వాతిది. వస్తువు మారిపోయినా మాట నిలిచింది. గుర్రం విషయంలో దీనికి తలకిందులు. మాటలు ఏ భాషకా భాషవి, బొమ్మ ఒక్కటే.

నా వంతు వచ్చిన రోజు పటంలో ఆఖరి పేరు దగ్గర ఆగిపోయాను. గుర్రం కుడికాలి దాపున, పెట్టె లోపల పైచెక్కకూ అడుగుచెక్కకూ మధ్య నిలబెట్టిన చిటికెనవేలంత పుల్ల ఒకటుంది. బయటికి కనపడదు. దాని పేరు ఆమ్. అర్థం అడిగితే పంతులమ్మగారు గుండె మీద చెయ్యి వేసుకుని "ఆత్మ, ప్రాణం" అన్నారు. ఆ పుల్లను జిగురుతో అంటించరు. తీగల బిగువు గుర్రం మీద పడి, ఆ ఒత్తిడికే అది నిలబడుతుంది. తీగలన్నీ ఒక్కసారి దింపేస్తే పడిపోతుంది. పడితే ఫిడేలుకు గొంతు ఉండదు. ఊపితే లోపల గలగలమంటుంది.

నేను ఆ రోజు అయిదు నిమిషాలు మాట్లాడలేదు. రెండు నిమిషాల్లో కూర్చున్నాను.

ఆ రాత్రి యానాంలో ఉన్న మా మేనత్తకు ఫోను చేశాను. "తాతగారు పోయినప్పుడు ఫిడేలు తీగలు ఎవరైనా తీశారా అత్తయ్యా?" అని అడిగాను. ఆవిడకు తొంభై దగ్గర. కాసేపు ఆగి చెప్పింది. "పదకొండో రోజున మేళంలో మృదంగం ఆయన వచ్చాడ్రా. తీగలు ఖరీదు కదా, ఇంక ఇక్కడ వాయించేవాళ్ళెవరున్నారని అడిగాడు. అమ్మే నాలుగూ విప్పించి ఇచ్చేసింది." మామ్మ అన్నది శోకంతో అన్న మాట అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. జరిగినదే చెప్పింది.

ఫిడేలును చెన్నైకి తీసుకెళ్ళాను. మూడు తరాలుగా అక్కడే ఉన్న ఒక తెలుగాయన వాద్యాలు బాగుచేస్తాడు. చీటీ చూసి నవ్వాడు. "సార్, ఈ స్ట్రాడివేరియస్ చీటీలు వందలు చూసుంటాను. ఫ్రాన్సులో మిర్‌కూర్ అని ఊరుంది, జర్మనీలో సాక్సనీ ఉంది. బండ్లకొద్దీ చేసి, ఈ చీటీ అంటించి పంపేవాళ్ళు. ఇది అందులోది. చెక్క బాగుంది, బాధపడకండి" అన్నాడు. ఎన్నో నగలు తూచి అప్పులు మంజూరు చేసిన నాకు, మా నాన్నగారి ఆశ విలువ అంతేనా అనిపించింది. మా నాన్నగారు ఈ మాట వినకుండానే పోవడం ఒకందుకు మేలే.

ఆయన పాము వంకర ఉన్న ఇనుపకడ్డీ మొనకు కొత్త పుల్ల గుచ్చి, మొప్పలోంచి లోపలికి పంపి, దీపం పెట్టి చూస్తూ నిలబెట్టాడు. పాత పుల్లను కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. తీగలు వేసి బిగించి కమాను ఒక్కసారి లాగాడు. నాకు తెలిసి మా ఇంట్లో ఎవరూ విననిది, మామ్మ విన్నది, ఆ గొంతే అయి ఉంటుంది.

"ఈ పుల్లను ఏమంటారండీ?" అని అడిగాను. "సౌండు పోస్టు సార్" అన్నాడు. తెలుగులో అని అడిగితే ఆలోచించి, "మా తాత ఏదో అనేవాడు, జ్ఞాపకం లేదు" అన్నాడు. తంబుర గుర్రం మీద తీగ కింద పెట్టే నూలు పోగును జీవ అంటారు, జీవాళి అంటారు. దాన్ని జరిపితేనే తంబుర పలుకుతుంది. ఫ్రెంచివాడి ప్రాణం పుల్లలో ఉంటే మన ప్రాణం పోగులో ఉందన్నమాట. ఫిడేలు పుల్లకూ మా తాతగారి మేళంలో అలాంటి పేరేదో ఉండే ఉంటుంది. నాన్నగారు లేరు, మేనత్తకు గుర్తు లేదు. ఫ్రెంచి పేరు నాకు నోటికి వచ్చింది, మా తాతగారు అన్న పేరు మాత్రం రాలేదు.

బరంపురం, పర్లాకిమిడి, షోలాపూరు, బళ్ళారి, హోసూరు వైపు హరికథ మేళాల్లో ఫిడేలు వాయించిన పెద్దలు ఎవరైనా ఉంటే, గుర్రం కింద లోపల నిలబెట్టే ఆ పుల్లను మీ ఇళ్ళలో ఏమనేవారో పత్రికకు ఒక కార్డు రాయండి. పాత పుల్ల నా బ్యాంకు పెట్టెలో, కాగితంలో చుట్టి అలాగే ఉంది.